మూడు ఎఱ్ఱ దీపములు

2005వ సంవత్సరము నవంబరు 22వ తేదీన మైక్రోసాఫ్ట్ సంస్థవారు అమెరికాలో ఎక్స్‌బాక్స్ 360 అను వీడియో ఆటల యంత్రమును విక్రయమునకు ఉంచిరి. టెలివిజనుకు తగిలించి ఆడుకొను పెట్టె యిది. పిల్లల ఆటవస్తువే గదా యని దీనిని తేలికగా చూడరాదు. సెకనుకు 320 కోట్ల స్పందనలతో నడచు ప్రాసెసరు ఒకటి, తెరపై బొమ్మలు గీయు చిప్ మరియొకటి ఇందులో నున్నవి. వీటికి విద్యుత్తు నందించు సరఫరా పెట్టె సామర్థ్యము 203 వాట్లు. యంత్రము పుచ్చుకొన్న విద్యుచ్ఛక్తి దాదాపు అంతయు చివరకు వేడిగానే మారును. ఆట జోరుగా సాగునపుడు రెండు మూడు అరువది వాట్ల బల్బులు ఆ చిన్న పెట్టెలో వెలుగుచున్నట్లే యనుకొనవచ్చును.

యంత్రమును నడిపించు మీట చుట్టును నాలుగు భాగములుగల దీపవలయము కలదు. అంతయు సవ్యముగా నున్నచో ఆకుపచ్చగా వెలుగును. టెలివిజనుకు పోవు తీగ ఊడినచో నాలుగు భాగములును ఎఱ్ఱబడును. మితిమీరి వేడెక్కినచో రెండు ఎఱ్ఱబడును. లోపలి భాగమేదో చెడినచో మూడు ఎఱ్ఱగా మిణుకుమిణుకు మనును. ఈ మూడు దీపములే ఒక యింట, మరియొక యింట కనిపింప నారంభించినవి. ఆటగాండ్రు దీనికి ‘ఎఱ్ఱని మృత్యువలయము’ అని పేరు పెట్టిరి. విద్యార్థు లొక విషయము గమనింపవలెను. ‘వేడెక్కితిని’ అని చెప్పు దీపములు రెండు, వెలిగినవి మూడు. అయినను జనులు దీనిని వేడి జబ్బుగానే యెంచి, ఇంటివద్దనే చికిత్సకు పూనుకొనిరి.

వారి యనుమానమునకు ఆధారము లేకపోలేదు. బొమ్మలు గీయు చిప్ సరిగా డిస్కు నడుపు భాగము క్రింద నున్నది. చోటు చాలనందున దానిపై నమర్చిన అల్యూమినియం రెక్కల దిమ్మ పొట్టిది. ఆ దిమ్మను చిప్‌పై అదిమి పట్టుటకు బోర్డు అడుగున ‘ఎక్స్’ ఆకారపు ఉక్కు పట్టీ యొకటి కలదు. ఈ పట్టీ బోర్డును వంచుచున్నదనియు, అందుచే చిప్‌ను బోర్డునకు అతికించిన టంకపు గుండ్లు పగులుచున్నవనియు పలువురు తలంచిరి. పట్టీని ఊడబెరికి, దాని స్థానమున మరలను వాషర్లను బిగించిరి. మరికొందరు వేడిగాలి తుపాకితో టంకమును కరిగింపజూచిరి. సీసము కలిసిన పాత టంకము సుమారు 183 డిగ్రీల సెంటిగ్రేడువద్ద కరుగును. సీసము విషమగుటచే ఐరోపా సమాజము 2006 జూలై 1 నుండి విద్యుత్పరికరములలో దానిని చాలవరకు నిషేధించెను. క్రొత్త టంకమునకు 217 డిగ్రీలైనను కావలెను. దోష మంతయు ఈ క్రొత్త టంకముదే యని నిందించినవారును గలరు.

అన్నిటికంటె వింతయైనది తువ్వాలు వైద్యము. వేడిచే చెడినదనుకొన్న పెట్టెకు తువ్వాలు చుట్టి, గాలి రంధ్రములు మూసి, పావుగంటసేపు నడిపించుట! అగ్నిప్రమాదమును చేతులార పిలుచుటయే యిది, ఎవ్వరును చేయరాదు. ఆశ్చర్య మేమన, అనేక పర్యాయములు యంత్రము లేచి కూర్చుండెడిది. చూచినవారు టంకము కరిగి అతుకుకొన్నదని సంతోషించిరి. కాని 217 డిగ్రీలు తువ్వాలులో పుట్టునా? అంతకు చాల ముందుగనే యంత్రము తనంతట ఆగిపోవును. నాలుగు దినములకో, నాలుగు వారములకో మరల మూడు దీపములు వెలిగెడివి.

అసలు సంగతి తెలియుటకు పాఠశాలలో చదివిన వ్యాకోచ సూత్రము చాలును. సిలికాన్ ఒక డిగ్రీ వేడికి తన పొడవులో పది లక్షలవ వంతులు సుమారు మూడు పెరుగును. దానిని మోయు పీఠము పదునైదు వరకు పెరుగును. తేడా పన్నెండు. పది మిల్లీమీటర్ల చిప్ 50 డిగ్రీలు వేడెక్కినచో ఈ తేడా ఒక మిల్లీమీటరులో వెయ్యింట ఆరు వంతులగును. అల్పమే! కాని రెంటి నడుమ నున్న టంకపు బుడిపెలు మిల్లీమీటరులో పదవ వంతు మాత్రము ఎత్తు గలవి. యంత్రమును ఆడించినపు డెల్ల అవి ఒక వైపునకు ఈడ్వబడును. ఆపినపు డెల్ల వెనుకకు లాగబడును. ఇనుప తీగను ఒకసారి వంచిన తెగదు. అటు నిటు పలుమార్లు వంచిన తెగును. కాబట్టి దోషము వేడి యొక్కదానిది కాదు. వేడి, చలువల రాకపోకలది.

2007 జూలైలో సంస్థవారు ఈ లోపమునకు పూచీకాలమును మూడేండ్లకు పొడిగించి, 105 నుండి 115 కోట్ల డాలర్లు ఖర్చు క్రింద వ్రాసికొనిరి. కారణమును మాత్రము బయట పెట్టలేదు. 2021 డిసెంబరులో సంస్థ విడుదల చేసిన ‘పవర్ ఆన్’ అను ఆరు భాగముల చిత్రములో ఆ పనివారే నోరు విప్పిరి. తెగినది బోర్డునకు చిప్‌కు నడుమ నున్న అతుకు కాదు. చిప్ భాగము లోపలనే యున్న అతుకు! మాటిమాటికి ఆడించి ఆపుటచే కలిగిన ఒత్తిడియే దానిని తెంపినది. ఇంటివారు ఏండ్ల తరబడి మరలు బిగించినది ఒక చోట, పగులు మరియొక చోట.

తువ్వాలు గుట్టు ఇపుడు సుబోధము. వేడికి లోపలి భాగములు సాగి, తెగిన కొనలు తాత్కాలికముగా ఒకదానినొకటి తాకును, కరెంటు పారును. కరిగినదియు లేదు, అతికినదియు లేదు. ఆ సాగుటయే పగులును మరింత పెంచెను.

2010లో వచ్చిన క్రొత్త నమూనాలో రెండు చిప్‌లను ఒకటిగా చేసి, విద్యుత్తు వాడకమును తగ్గించి, పెద్ద పంకా నమర్చిరి. ఆ మూడు ఎఱ్ఱ దీపములును అందులో లేవు. పాత పెట్టెలను దాచుకొన్నవారు ప్లగ్గు తీసి పంకాపై దుమ్ము తుడిచి, చిప్‌కు దిమ్మకు నడుమ ఎండిన వేడి లేపనమును గీకి క్రొత్తది పూయుచున్నారు. తెగని అతుకు మరికొంత కాలము నిలుచుటకు ఇది పనికివచ్చును. తెగినదానికి చిప్‌నే మార్చవలెను. అది వంటింటి బల్లపై జరుగు పని కాదు.