నురగ రాని క్రిమి

డెన్వర్, 1954. గాజుగొట్టాల్లో పెరిగిన క్షయ క్రిముల మీద గార్డనర్ మిడిల్‌బ్రుక్ హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తున్నారు. మామూలు క్రిములైతే వెంటనే బుసబుసా నురగ. వాటిలోని కేటలేజ్ ఎంజైము పెరాక్సైడ్‌ను నీరు, ఆక్సిజన్‌గా విరగ్గొడుతుంది. ఆ ఆక్సిజనే నురగ. ఐసోనియజిడ్ అనే క్షయ మందుకు బాగా మొండికేసిన క్రిముల గొట్టాల్లో మాత్రం బుడగ లేదు.

ఆ మందు వాడకంలోకి వచ్చి అప్పటికి రెండేళ్లు. 1912లోనే ప్రాగ్‌లో ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు తయారుచేశారు, దాని గుణం మాత్రం ఎవరికీ తట్టలేదు. నలభై ఏళ్లకు న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో దాన్ని మింగిన రోగులకు ఆకలి పుట్టింది, ఒళ్లు వచ్చింది. వార్డులో వాళ్లు చిందులేస్తున్న ఫోటోలు పత్రికలకెక్కాయి. అయితే అదొక్కటే మందుగా ఇస్తే చాలామందిలో కొన్ని నెలలకే క్రిమి లొంగడం మానేసేది.

అందుకు క్రిమి చెల్లించిన మూల్యం మిడిల్‌బ్రుక్ గొట్టాల్లో కనబడింది. ఊపిరితిత్తుల్లోని రక్షక కణం క్రిమిని మింగి దాని మీద కుమ్మరించేవి పెరాక్సైడ్ లాంటి విషాలే. క్రిమి శ్వాసించేటప్పుడు దాని లోపలా అవే పుడతాయి. మైకోథయాల్ వంటి ఇతర రక్షణలు దానికి ఉన్నా, కేటలేజ్ లేని లోటు పూర్తిగా తీరదు. గినీపిగ్‌లకు ఎక్కిస్తే ఆ క్రిములు పెద్దగా జబ్బు చేయలేకపోయాయి.

కథ ఇక్కడితో తేలిపోతే బాగుండేది. కానీ మద్రాసు అడ్డొచ్చింది. 1956లో చేట్‌పట్‌లో మొదలైన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం రోగుల నుంచి తీసిన క్రిముల్ని సుబ్బయ్య, మిచిసన్, సెల్కాన్ బ్రిటిష్ క్రిములతో పోల్చి 1960లో ఫలితాలు ప్రకటించారు. మద్రాసు క్రిముల్లో చాలా వాటికి, మందుకు లొంగేవాటికి కూడా, పెరాక్సైడ్‌ను తట్టుకునే శక్తి తక్కువ. గినీపిగ్‌లలోనూ మద్రాసు క్రిములు చాలావరకు బలహీనమే. అవే క్రిములు చెన్నపట్నం ఇరుకిళ్లలో మనుషుల ఊపిరితిత్తుల్ని తినేస్తున్నాయి! గినీపిగ్‌ను నమ్ముకుని మనిషి జబ్బును అంచనా వేయడం ఎంత ప్రమాదమో ఇంతకంటే ఏం చెప్పాలి?

నురగకూ మందుకూ ఉన్న లంకె 1992లో బయటపడింది. లండన్, పారిస్ శాస్త్రవేత్తలు కేట్‌జీ అనే జన్యువును పట్టుకున్నారు. కేటలేజ్‌ను తయారుచేసేది ఆ జన్యువే. ఐసోనియజిడ్ దానంతటది విషం కాదు. క్రిమిలోని ఆ ఎంజైమే దాన్ని విషంగా మారుస్తుంది. ఆ విషం క్రిమి మైనపు గోడ కట్టే పనిని ఆపేస్తుంది. కాపలావాడే దొంగకు తలుపు తీస్తున్నాడన్నమాట.

మందుకు ఎదురు తిరగాలంటే క్రిమి కాపలావాణ్ణి పూర్తిగా పంపేయాల్సిన పనిలేదు. ఎంజైములో 315వ స్థానంలో ఉండాల్సిన సెరిన్ బదులు త్రియోనిన్ వచ్చి చేరితే చాలు: మందు విషంగా మారడం బాగా తగ్గిపోతుంది, పెరాక్సైడ్‌ను విరగ్గొట్టే పని చాలావరకు సాగుతుంది. రోగుల్లో ఎక్కువగా దొరికే మార్పు ఇదే. అందుకే మన దగ్గర మందుల మొండితనం తేల్చడానికి తెమడ నుంచి చేసే జన్యు పరీక్ష ఆ 315వ స్థానాన్నీ వెతుకుతుంది.