వైర్‌లెస్ నెట్‌వర్క్‌లు: పొంచి ఉన్న ముప్పులు, పాటించాల్సిన రక్షణలు

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోని బాహూరులోనైనా, తెలుగువారు నివసించే యానాంలోనైనా ఇళ్లలో, దుకాణాల్లో వైఫై రౌటర్ నేడు సాధారణ పరికరం. అయితే దాని రేడియో తరంగాలు ఇంటి గోడ వద్ద ఆగిపోవు. పరిధిలో ఉన్న పరికరమేదైనా వాటిని అందుకోగలదు. అందువల్ల తాళం లేని వైఫైకి ప్రహరీ ఉండదు.

ఈ నిర్లక్ష్యం ఎంతటి చిక్కు తెచ్చిపెడుతుందో 2008లో దేశం చూసింది. ఆ ఏడాది జూలై 26న అహ్మదాబాద్‌లో వరుస పేలుళ్లు జరిగాయి. వాటికి బాధ్యత ప్రకటిస్తూ మీడియా సంస్థలకు వచ్చిన ఈమెయిల్ నవీ ముంబయిలోని ఒక నివాసపు ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి వెళ్లినట్లు తేలింది. రక్షణ లేని ఆ వైఫైని ఇతరులు వాడుకున్నారు. ఏ సంబంధమూ లేని నివాసి దర్యాప్తును ఎదుర్కోవలసి వచ్చింది. ఐపీ చిరునామా కనెక్షన్‌ను మాత్రమే చూపుతుంది. దానిని వాడిన వ్యక్తిని చూపదు. ఈ ఉదంతం తరువాత, వైఫై సురక్షిత వినియోగంపై టెలికాం శాఖ 2009 ఫిబ్రవరిలో ఆదేశాలు జారీ చేసింది.

సందేశాన్ని సంకేత రూపంలోకి మార్చి పంపడాన్ని ఎన్‌క్రిప్షన్ అంటారు. తొలినాటి డబ్ల్యూఈపీ పద్ధతిలోని లోపాలు 2001 నాటికే బయటపడ్డాయి. 2004లో డబ్ల్యూపీఏ2, 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చాయి. డబ్ల్యూపీఏ2లోనూ ‘క్రాక్’ అనే లోపాన్ని బెల్జియం పరిశోధకులు 2017లో వెల్లడించారు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లతో దానిని సరిచేశారు. పాస్‌వర్డ్ తేలికైనదైతే మాత్రం, కనెక్షన్ కుదిరే వేళ సేకరించిన సమాచారంతో దానిని ఊహించి కనిపెట్టే వీలుంది.

చిన్న దుకాణాలు సైతం ప్రజలకు వైఫై అందించేలా పీఎం-వాణి పథకానికి కేంద్ర మంత్రివర్గం 2020 డిసెంబర్ 9న ఆమోదం తెలిపింది. ఇలాంటి బహిరంగ వైఫైని వాడేవారికి ఎదురయ్యే ప్రధాన ముప్పు నకిలీ నెట్‌వర్క్. మోసగాళ్లు అసలు పేరుతోనే మరో వైఫైని ఏర్పాటు చేసి వివరాలు రాబట్టవచ్చు. కాబట్టి నెట్‌వర్క్ పేరును నిర్వాహకులను అడిగి నిర్ధారించుకోవాలి. బ్యాంకు లావాదేవీలకు సొంత మొబైల్ డేటా వాడటం మేలు.

ఇంటి రౌటర్‌తో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్‌ను వెంటనే మార్చాలి. వైఫైకి పొడవైన పాస్‌వర్డ్, డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 రక్షణ ఎంచుకోవాలి. రౌటర్ సాఫ్ట్‌వేర్‌ను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయాలి. అతిథులకు వేరే నెట్‌వర్క్ కేటాయించడం ఉత్తమం.

ఆన్‌లైన్‌లో ఆర్థిక మోసానికి గురైనవారు ఆలస్యం చేయకుండా జాతీయ సైబర్ నేరాల సహాయ కేంద్రం నంబర్ 1930కు ఫోన్ చేయాలి.