పుదుచ్చేరి: కాలువయు, కాఫీ హౌసును

పరదేశి యెచ్చట భుజించునో యెరిగినచో ఆ పట్టణచరిత్ర సగ మెరిగినట్లే. పుదుచ్చేరి యిందుకు తార్కాణము.

ఫ్రెంచివారి కాలమున నొక కాలువ యీ పట్టణమును రెండుగా చీల్చినది. సముద్రము వైపున తెల్లపట్నము, పడమట నల్లపట్నము. తూర్పున రొట్టెయు ద్రాక్షాసవమును, పడమట అన్నమును చారును. నల్లపట్నమునందైనను కులమున కొక పంక్తి. డూప్లే దొరకు దుబాసీయైన ఆనందరంగ పిళ్ళె (1709–1761) తమిళుడయ్యును కస్తూరి రంగకవి రచించిన తెలుగు ఛందోగ్రంథమునకు కృతిభర్త యయ్యెను. భాషకు లేని హద్దు భోజనపంక్తికి మాత్ర ముండెను.

ఈ హద్దును చెరపుటలో కాఫీ హౌసునకును పాలు కలదు. 1936లో కాఫీ సెస్సు కమిటీ బొంబాయిలో తొలి కాఫీ హౌసును తెరచెను. 1950 దశకము నడుమ కాఫీ బోర్డు వానిని మూసివేయ నిశ్చయింపగా, పనివారి బ్రతుకుతెరువు ప్రశ్నార్థక మయ్యెను. ఏ.కె. గోపాలన్ ప్రోత్సాహమున వారు సహకార సంఘములుగా నేర్పడిరి. 1957 ఆగస్టు 19న బెంగుళూరులో తొలి సంఘము వెలసెను. పుదుచ్చేరి పనివారును ఆ బాటనే నడచిరి.

1954 నవంబరు 1న పుదుచ్చేరి పాలన భారతదేశమునకు సంక్రమించెను. ఒకప్పటి డూప్లే వీధి నేడు నెహ్రూ వీధి. అచ్చటి కాఫీ హౌసుననే యాన్ మార్టెల్ 2001 నాటి తన నవల ‘లైఫ్ ఆఫ్ పై’ కథకు నాంది పలికెను. అచ్చట కూర్చుండువాని కులమును, వర్ణమును అడుగువారు లేరు. కాఫీ వెల చెల్లించిన చాలును. నిన్నటి కొలువువాడే నేటి యజమాని. కాలువ చీల్చిన పట్టణమును ఒక్క బల్ల కలుపుట సామాన్యమగు చరిత్ర కాదు.