వెల్లింగ్టన్ అద్దాల మందిరంలో బెగోనియాలు

న్యూజిలాండ్ అడవుల్లో సహజంగా పెరిగే బెగోనియా జాతి ఒక్కటైనా లేకపోయినా, వెల్లింగ్టన్ బొటానిక్ గార్డెన్‌లో లేడీ నార్వుడ్ గులాబీ తోట పక్కన 1960లో వెలసిన పొడవాటి అద్దాల మందిరానికి ఆ పూల పేరే పెట్టి బెగోనియా హౌస్ అన్నారు. 1868లో ఏర్పడిన ఈ ఉద్యానం తొలి దశాబ్దాల్లో శాస్త్రవేత్త జేమ్స్ హెక్టర్ పర్యవేక్షణలో, కొత్త వలసరాజ్యానికి ఏ విదేశీ వృక్షాలు పనికివస్తాయో పరీక్షించే క్షేత్రంగా నడిచి, 1891లో నగరపాలక సంస్థ చేతికి వచ్చింది. 1925 నుంచి 1927 వరకు నగర మేయరుగా పనిచేసిన చార్లెస్ నార్వుడ్ విరాళం ఈ మందిర నిర్మాణానికి తోడ్పడింది.

ఉష్ణమండలపు తడి అడవుల్లో రెండువేలకు పైగా జాతులుగా విస్తరించిన ఈ ప్రజాతికి, అంటే దగ్గరి పోలికలున్న జాతుల సముదాయానికి, కరీబియన్ దీవుల్లో మొక్కలు సేకరించిన ఫ్రెంచి సన్యాసి షార్ల్ ప్లూమియే తన ఆదరువైన అధికారి మిషెల్ బెగోన్ పేరు పెట్టాడు. మన గుడుల దగ్గర పూసే దేవగన్నేరు శాస్త్రీయ నామం ప్లూమేరియా ఆ ప్లూమియే స్మారకమే. అయితే వెల్లింగ్టన్ వేసవిలో అరచేయంత పూలు పూసే దుంప బెగోనియాల మూలం కరీబియన్ కాదు, దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు. 1860లలో లండన్‌లోని వీచ్ నర్సరీ తరఫున రిచర్డ్ పియర్స్ బొలీవియా, పెరూ కొండల నుంచి వీటి పూర్వజాతులను పంపగా, ఆ నర్సరీలోనే జాన్ సెడెన్ వాటిని సంకరపరచి, 1870లో తొలి సంకరాన్ని అమ్మకానికి తెచ్చేలా చేశాడు. పియర్స్ మాత్రం 1868లోనే పనామాలో మరణించి, తన సేకరణ ఫలితాన్ని చూడలేకపోయాడు. మందిరం కట్టించిన దాతతో పాటు ఈ ఇద్దరినీ తలచుకోవడం న్యాయం.

ఉష్ణమండలపు మొక్క కనుక వెచ్చదనం కోసమే అద్దాలు కట్టారనుకోవడం సగం నిజమే. కొండచల్లదనానికి అలవాటుపడిన దుంప బెగోనియాలు మండే ఎండకు వాడిపోతాయి గనుక వెల్లింగ్టన్ వేసవి వాటికి నప్పుతుంది. నీరు నిండిన పెళుసు కాడలను విరిచేసే ఆ ఊరి గాలే వాటికి అసలు శత్రువు. చలికాలంలో ఆకులు రాలి దుంపలు నిద్రావస్థలోకి వెళ్లినప్పుడు, మందిరంలోని బల్లలమీద సైక్లమెన్ వంటి శీతకాలపు పూలను నిలుపుతారు.