భాస్కరుడి కుర్చీ: సుజుకి, సర్కారు, ఒక చిన్న కారు

రాయ్‌పూర్‌లో తెలీబంధా చెరువు గట్టుకు ఇప్పుడు మెరీన్ డ్రైవ్ అని పేరు. సాయంకాలం అక్కడ నిలబడిన వారికి చెరువు కంటే ముందు కనిపించేది కార్ల వరుస. పక్కనే గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు. ఒకనాడు ఈ తెలీబంధా మీదుగా ధమ్తరీకి బ్రిటిష్ కాలపు చిన్న రైలు నడిచేది. 2017లో నగరం లోపలి ఆ పట్టాలను మూసివేసి, ఆ జాగాలోనే కార్ల కోసం ఎక్స్‌ప్రెస్ మార్గం వేశారు. రైలు తప్పుకుని కారుకు చోటిచ్చిన కథ దేశమంతటా ఏదో ఒక రూపంలో జరిగిందే అయినా, ఇక్కడ అది అక్షరాలా జరిగింది.

ఆ వరుసలో ఇప్పటికీ అక్కడక్కడ ఒక మారుతి 800 కనిపిస్తుంది. దాని గురించి చాలామంది మరచిన వివరం ఒకటుంది. 2010లో కాలుష్య ప్రమాణాలు కఠినమైనప్పుడు దేశంలోని పదమూడు నగరాల్లో ఆ కారు అమ్మకం ఆగిపోయింది. ఆ పదమూడింటిలో హైదరాబాద్ ఉంది, రాయ్‌పూర్ లేదు. హైదరాబాదువాసికి కొత్త 800 దొరకని ఆ సంవత్సరాల్లో రాయ్‌పూర్‌వాసి దాన్ని షోరూములో కొనగలిగాడు. 2014 జనవరిలో ఉత్పత్తి పూర్తిగా నిలిచిపోయేదాకా ఆ వెసులుబాటు సాగింది. పెద్ద నగరాలు వద్దనుకున్న పొగ చిన్న నగరాలకు చెల్లుతుందన్న విధాన నిర్ణయం సమంజసమా అని ఆనాడు ప్రశ్నించినవారు తక్కువ. కొన్నవారు మాత్రం సంతోషించారు.

ఆ కారు వెనుక ఒక జపాన్ సంస్థ ఉంది, ఒక భారత ప్రభుత్వం ఉంది, ఆ రెండింటి నడుమ నలిగిన ఒక తెలుగు ఇంజనీరు ఉన్నారు. మొదటి ఇద్దరి గురించి పుస్తకాలు వచ్చాయి. మూడవ వ్యక్తి పేరు నేటి తెలుగు పాఠకులలో ఎందరికి గుర్తుందో అనుమానమే.

సుజుకి కార్ల సంస్థగా పుట్టలేదు. 1909లో జపాన్‌లోని హమమత్సులో మిచియో సుజుకి అనే వడ్రంగం నేర్చిన యువకుడు మగ్గాలు తయారు చేసే పని మొదలుపెట్టాడు. 1920లో అది కంపెనీ అయింది. నేతబట్టకు గిరాకీ ఉన్నంతకాలం మగ్గం నిలబడింది. యుద్ధానంతరం 1950 ప్రాంతంలో సమ్మెలు, ఆపై పత్తి మార్కెట్ పతనం ఆ సంస్థను దివాలా అంచుకు తెచ్చాయి. 1952లో సైకిలుకు బిగించే చిన్న ఇంజన్ ఆదుకుంది. 1955లో 360 సీసీల సుజులైట్ కారు వచ్చింది. అంటే టయోటా, నిస్సాన్‌ల వంటి దిగ్గజాలు పట్టించుకోని చిన్న బండ్ల మూలన సుజుకి తన బతుకుదెరువు వెతుక్కుంది. మిచియో మనవరాలిని పెళ్లాడి ఆ ఇంటిపేరు స్వీకరించిన ఒసాము 1978లో అధ్యక్షుడయ్యాడు. మరుసటి సంవత్సరమే 4,70,000 యెన్‌లకు ఆల్టో కారును విడుదల చేసి జపాన్ మార్కెట్‌ను ఆశ్చర్యపరిచాడు. చిన్నదానిని చవకగా చేయడం ఆ సంస్థకు తెలిసిన ఒకే ఒక విద్య.

ఇక్కడ మనవైపు కథ వేరు. 1971లో సంజయ్ గాంధీ పేరిట పుట్టిన మారుతి లిమిటెడ్‌కు హర్యానాలో భూమి వచ్చింది, పెట్టుబడి వచ్చింది, అధికార బలం వచ్చింది. రోడ్డుకెక్కే కారు మాత్రం రాలేదు. జనతా ప్రభుత్వం జస్టిస్ ఎ.సి. గుప్తా కమిషన్‌ను వేసింది, న్యాయస్థానం కంపెనీ మూసివేతకు ఆదేశించింది. 1980 జూన్‌లో సంజయ్ విమాన ప్రమాదంలో మరణించాక ఇందిరా గాంధీ ప్రభుత్వం ఆ శిథిలాన్ని జాతీయం చేసింది. 1981 ఫిబ్రవరిలో మారుతి ఉద్యోగ్ ఏర్పడింది. ఒక తల్లి దుఃఖం, ఒక ప్రభుత్వ పారిశ్రామిక విధానం ఇంతగా కలిసిపోయిన సందర్భం మన చరిత్రలో మరొకటి కనిపించదు.

ఆ బాధ్యతను భుజాన వేసుకున్నది బీహెచ్ఈఎల్ నుంచి వచ్చిన వి. కృష్ణమూర్తి. 1982 అక్టోబరులో సుజుకితో ఒప్పందం కుదిరింది. ఆరంభ వాటా 26 శాతం. తర్వాత 40కి పెంచుకునే అవకాశం. పెద్ద కంపెనీలు భారతదేశాన్ని మార్కెట్‌గానే లెక్కించని రోజులవి. చిన్న కంపెనీ కాబట్టే సుజుకి సాహసించిందని, ప్రభుత్వ భాగస్వామ్యం ఉంది కాబట్టే ఆ సాహసం ఫలించిందని చెప్పాలి. రెండో సగాన్ని ఈనాడు ఎవరూ చెప్పరు. భూమి ప్రజలది, పూచీకత్తు ప్రభుత్వానిది. 1983లో కారు కళ్లతో చూడకుండానే పదేసి వేల రూపాయలు ధరావతు కట్టి లక్షమందికి పైగా పేర్లు నమోదు చేసుకున్నారు. ఆనాటికి పదివేలంటే ఒక గుమాస్తా ఏడాది జీతానికి దగ్గరి మాట.

1983 డిసెంబరు 14న, సంజయ్ పుట్టినరోజున, తొలి కారు తాళం చెవిని ఇందిర స్వయంగా ఢిల్లీకి చెందిన ఒక ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగికి అందించారు. ఆయన 2010లో కన్నుమూసేదాకా ఆ కారును అమ్ముకోలేదు. ఇప్పుడది కంపెనీ ప్రధాన కార్యాలయంలో ప్రదర్శనలో ఉంది.

తొలినాటి యజమానుల అనుభవం రెండు మాటల్లో ఒదుగుతుంది: అనుమానం, ఆపై అలవాటు. అంబాసిడర్ తలుపు వేస్తే వచ్చే బరువైన చప్పుడుకు అలవాటుపడిన చెవికి 800 తలుపు డబ్బామూతలా వినిపించింది. రేకుడబ్బా అని ఎగతాళి చేసినవారే, చలికాలపు తెల్లవారుజామున తాళం తిప్పగానే 796 సీసీల మూడు సిలిండర్ల ఇంజన్ మేల్కొనడం చూసి మాట మార్చుకున్నారు. అప్పటిదాకా కారు ఉన్న ఇంట్లో తోసేవాళ్లు కూడా ఉండవలసి వచ్చేది. డ్రైవరును పెట్టుకోకుండా కారు ఉంచుకోవచ్చునన్న భావన మధ్యతరగతికి ఆ బండితోనే వచ్చింది. మహిళలు పెద్ద సంఖ్యలో స్టీరింగు పట్టడం కూడా ఆ తరువాతి ముచ్చటే.

రాయ్‌పూర్ ప్రాంతపు తెలుగువారికి ఆ కారు మరో పనికి వచ్చింది. 1931లో పూర్తయిన రాయ్‌పూర్–విజయనగరం రైలుమార్గం, తరువాత భిలాయి ఉక్కు కర్మాగారం ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలను ఇటు చేర్చాయి. పండుగకు ఊరెళ్లాలంటే రైలే దిక్కు. చిన్న కారు చేతికొచ్చాక ధమ్తరీ, కాంకేర్, కేశ్‌కాల్ ఘాట్, జగ్దల్‌పూర్, కొరాపుట్, సాలూరు మీదుగా విజయనగరం చేరే దారి తెరుచుకుంది. నలుగురి కారులో ఆరుగురు, పైన క్యారియర్‌పై సామాను, ఘాట్ మలుపుల్లో ఏసీ ఆపేసి రెండో గేరులో ఎక్కడం, పన్నెండు అంగుళాల చక్రాలకు ప్రతి గుంటా ఒక గండం. బండి ఆగిపోతే జగ్దల్‌పూర్‌లోనో కొరాపుట్‌లోనో ఏదో ఒక షెడ్డులో కార్బురేటర్ ఊడదీసి ఊది బిగించే మెకానిక్ దొరుకుతాడన్న ధైర్యం ఆ ప్రయాణాలను నడిపింది. విడిభాగం దొరకడమే ఆ కారుకు అసలు బలం, వేగం కాదు.

ఆ విడిభాగాల దగ్గరే రాజకీయం కూడా దాగి ఉంది. ఏ భాగం ఇక్కడ తయారవ్వాలి, ఏది జపాన్ నుంచి రావాలి అన్నది సాంకేతిక ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, కంపెనీ ఎవరిదన్న ప్రశ్నకు అది మరో రూపం. 1985 ప్లాజా ఒప్పందం తర్వాత యెన్ విలువ విపరీతంగా పెరిగింది. దిగుమతి భాగాలపై ఆధారపడిన జపాన్ భాగస్వామ్యాలన్నీ ఊపిరాడక కొట్టుకున్నాయి. తెలుగునేలపై ఉదాహరణ జహీరాబాద్. రాష్ట్ర ప్రభుత్వరంగంలోని హైదరాబాద్ ఆల్విన్ నిస్సాన్‌తో కలిసి అక్కడ తేలికపాటి ట్రక్కుల కర్మాగారం పెట్టింది. టాటా 407 ధాటికి, యెన్ భారానికి అది తట్టుకోలేక ఆ దశకం చివరికి మహీంద్రా చేతికి పోయింది. ఉత్తరప్రదేశ్‌లో టయోటాతో డీసీఎం పెట్టిన సంస్థ తరువాత దేవూ పాలయింది. మారుతి ఎందుకు బతికింది? అమ్మకాల సంఖ్య పెద్దది కావడం ఒక కారణం. భాగాలను ఇక్కడే చేయించాలని ప్రభుత్వం పట్టుబట్టడం మరో కారణం. సుజుకికి రుచించకపోయినా ఆ పట్టుదలే దాన్నీ కాపాడింది.

1992లో సుజుకి వాటా 50 శాతానికి చేరింది, ప్రభుత్వానిది అంతకు కాస్త లోపుకు జారింది. మారుతి ఇక సాంకేతికంగా ప్రభుత్వ సంస్థ కాదు. అధిపతుల నియామకం విషయంలో ఒకరు ఛైర్మన్‌ను సూచిస్తే మరొకరు మేనేజింగ్ డైరెక్టరును సూచించే ఏర్పాటు కుదిరింది. సగం సగం భాగస్వామ్యంలో ఇరువురూ మంచివారైనంత కాలమే ఇటువంటి ఏర్పాట్లు నడుస్తాయి.

1997 ఆగస్టులో ఆర్.సి. భార్గవ పదవీకాలం ముగిసింది. కేంద్రంలో ఐ.కె. గుజ్రాల్ నాయకత్వాన యునైటెడ్ ఫ్రంట్ ప్రభుత్వం, పరిశ్రమల మంత్రిగా మురసొలి మారన్. ఈసారి వంతు తమదేనంటూ ప్రభుత్వం ఆర్.ఎస్.ఎస్.ఎల్.ఎన్. భాస్కరుడును మేనేజింగ్ డైరెక్టరుగా నియమించింది. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివి, రెండు దశాబ్దాలు బీహెచ్ఈఎల్‌లో పనిచేసి, 1983లోనే మారుతికి వచ్చిన వ్యక్తి. తొలి కారు బయటికి వచ్చిన ఏడాది నుంచి ఆ కర్మాగారంతో పాటు పెరిగినవారు.

సుజుకి ఒప్పుకోలేదు. తమను సరిగా సంప్రదించలేదంది. అంతటితో ఆగక, ఆ బాధ్యతకు ఆయన తగినవారు కారని బహిరంగంగా వాదించింది. వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకు, అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి ఎక్కింది. ప్రభుత్వ వర్గాల ఎదురు ఆరోపణ సూటిగా ఉంది: గేర్‌బాక్స్ వంటి కీలక భాగాల తయారీ పరిజ్ఞానాన్ని సుజుకి బదిలీ చేయకుండా సాగదీస్తోందని, స్వదేశీకరణకు పట్టుబట్టే అధిపతి దానికి గిట్టడని. రెండు పక్షాల వాదనల్లోనూ కొంత నిజం, కొంత అహంకారం ఉన్నాయి. అయితే దాదాపు పద్నాలుగేళ్లు ఒక సంస్థలో పనిచేసి, అందులో పై మెట్టు దాకా ఎదిగిన ఇంజనీరు ఆ పై మెట్టు ఎక్కిన రోజే అసమర్థుడైపోవడాన్ని నమ్మాలంటే కష్టం. ఆ వివాదంలో భాస్కరుడు అర్హత కంటే ఆయనను ఎవరు ఎంచుకున్నారన్నదే ముఖ్యమైపోయింది.

1998 మార్చిలో వాజపేయి ప్రభుత్వం వచ్చింది. పోఖ్రాన్ పరీక్షల తరువాత జపాన్ ఆర్థిక ఆంక్షలు విధించిన వేసవి అది. జూన్‌లో పరిశ్రమల మంత్రి సికందర్ బఖ్త్ హయాంలో రాజీ కుదిరింది. భాస్కరుడు 1999 డిసెంబరు 31న తప్పుకోవాలి, ఆయన స్థానంలో జగ్దీశ్ ఖట్టర్ రావాలి, సుజుకి కేసు ఉపసంహరించుకోవాలి. అయిదేళ్ల పదవి సగానికి కుదించుకుపోయింది. దాన్ని ఓటమి అని ప్రభుత్వం అనలేదు, గెలుపు అని సుజుకి అనలేదు. కానీ సంతకాలు పడిన కాగితంలో పదవి పోగొట్టుకున్నది ఒక్కరే.

ఆ తగవు సాగుతున్న కాలంలో బయట ప్రపంచం ఆగలేదు. 1998లో హ్యుందాయ్ సాంత్రో, దేవూ మాటిజ్, టాటా ఇండికా ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. దేశంలో పది కార్లు అమ్మితే ఎనిమిది తనవే అని చెప్పుకున్న మారుతి కొత్త శతాబ్దం మొదటికి సగం మార్కెట్‌కు దిగింది. వ్యాగన్ఆర్ 1999 చివరలో, ఆల్టో 2000లో వచ్చాయి. కుర్చీ గొడవలో గడిచిన రెండేళ్లకు కొంత మూల్యం అక్కడ చెల్లించవలసి వచ్చింది.

మిగిలిన కథ పెట్టుబడుల ఉపసంహరణ చరిత్రలో భాగం. 2002లో వెయ్యి కోట్ల రూపాయల నియంత్రణ రుసుముతో యాజమాన్యం సుజుకి చేతికి వెళ్లింది, వాటా 54.2 శాతం. 2003లో షేరు 125 రూపాయలకు ప్రజలకు అమ్మారు. 2007లో ప్రభుత్వం మిగిలినదీ వదులుకుని బయటపడింది, కంపెనీ పేరులో సుజుకి చేరింది. ఆ 125 రూపాయల షేరు తరువాత చేరిన ఎత్తు చూస్తే, ఆనాటి తొందర ఖజానాకు లాభమా నష్టమా అన్న చర్చకు ఇంకా చోటుంది. కారు యజమానులకు ఆ మార్పు తెలియనేలేదు. సర్వీసు బిల్లు పైన పేరు మారిందంతే.

వారికి తెలిసొచ్చింది మరొకటి. తేలికగా చేయడమే సుజుకి విద్య అనుకున్నాం కదా, 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ ప్రమాద పరీక్షలలో ఆల్టో 800, స్విఫ్ట్ కార్ల ప్రాథమిక నమూనాలకు సున్నా నక్షత్రాలు వచ్చాయి. ముప్పై ఏళ్ల కిందటి రేకుడబ్బా ఎగతాళి ప్రయోగశాలలో అంకెగా నమోదైంది. ఆ మూల్యాంకనం కొనుగోళ్లను వెంటనే పెద్దగా తగ్గించలేదు. మైలేజీ, మళ్లీ అమ్మితే వచ్చే ధర, దగ్గరలో మెకానిక్ అనే మూడు లెక్కలలో నాలుగోదానికి చాలాకాలం చోటు దొరకలేదు. 2024లో కొత్త డిజైర్ అయిదు నక్షత్రాలు తెచ్చుకున్నాక సంస్థ ఆ సంగతిని ప్రచారంలో ముందుంచింది.

ఒసాము సుజుకి 2024 డిసెంబరులో మరణించారు. నెల తిరగకుండానే భారత ప్రభుత్వం ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించింది. మారుతి వదిలిన తరువాత భాస్కరుడు ప్రభుత్వరంగ సంస్థల ఎంపిక మండలిలో పనిచేశారు. ప్రభుత్వ కంపెనీల అధిపతి పదవులకు ఎవరు తగినవారో తేల్చేది ఆ మండలే.