ద కిల్లింగ్ ఫీల్డ్స్ (1984 చలనచిత్రం)

ద కిల్లింగ్ ఫీల్డ్స్ 1984లో విడుదలైన బ్రిటిష్ చలనచిత్రం. కంబోడియా అంతర్యుద్ధ వార్తలను ‘న్యూయార్క్ టైమ్స్’కు రాసిన అమెరికన్ విలేకరి సిడ్నీ షాన్‌బర్గ్, ఆయనకు దుబాసీగా, సహచరుడిగా పనిచేసిన కంబోడియా పాత్రికేయుడు డిత్ ప్రాన్‌ల నిజజీవితం దీనికి ఆధారం. నిర్మాత డేవిడ్ పుట్నమ్. దర్శకుడు రోలాండ్ జోఫేకు ఇదే తొలి చలనచిత్రం. యుద్ధ విలేకరి కథగా మొదలై, ఆయనకు దారి చూపిన స్థానికుడి కథగా మారడం ఈ చిత్రాన్ని మిగతా వాటి నుంచి వేరు చేస్తుంది.

నేపథ్యం

1973 ఆగస్టులో అమెరికా బి-52 విమానం పొరపాటున నియాక్ లువాంగ్ పట్టణంపై బాంబులు కురిపించింది. విలేకరులను అక్కడికి వెళ్లనివ్వకపోయినా షాన్‌బర్గ్, ప్రాన్ పడవలో చేరుకుని జరిగిన నష్టాన్ని లోకానికి తెలిపారు. 1975 ఏప్రిల్‌లో అమెరికన్లు రాజధాని నాంపెన్‌ను ఖాళీ చేస్తున్నప్పుడు ప్రాన్ భార్యాబిడ్డలు వారితో వెళ్లిపోయారు. వార్త పూర్తిగా రాయాలని షాన్‌బర్గ్ ఉండిపోయారు. ఆయనతోపాటే ప్రాన్ కూడా.

ఏప్రిల్ 17న నగరం కమ్యూనిస్టు తిరుగుబాటుదారులైన ఖ్మేర్ రూజ్ చేతికి చిక్కింది. అదే రోజు ఆ సైనికులు షాన్‌బర్గ్‌ను, మరి ఇద్దరు విదేశీ పాత్రికేయులను పట్టుకున్నారు. గంటల తరబడి బతిమాలి వారిని బతికించింది ప్రానే. ఆ తర్వాత అందరూ ఫ్రెంచి రాయబార కార్యాలయంలో తలదాచుకున్నారు. విదేశీయులకు రక్షణ దొరికింది గానీ, కంబోడియన్లు బయటికి పోక తప్పలేదు. ప్రాన్‌ను పల్లెల్లోని వెట్టిచాకిరీకి తరలించారు.

చదువుకున్నవాళ్లను వెతికి చంపుతున్న ఆ పాలనలో ఆయన టాక్సీ డ్రైవర్‌నని చెప్పుకుని, ఇంగ్లిషు, ఫ్రెంచి వచ్చన్న సంగతి దాచి బతికారు. చివరకు 1979 అక్టోబరు 3న థాయిలాండ్ సరిహద్దు దాటారు. ఖ్మేర్ రూజ్ పాలనలో దాదాపు 15 నుంచి 20 లక్షల మంది చనిపోయారని అంచనా.

షాన్‌బర్గ్‌కు 1976లో పులిట్జర్ బహుమతి లభించింది. దాన్ని ఆయన ప్రాన్ తరఫున కూడా అందుకున్నారు. 1980లో ఆయన ప్రాన్ గురించి రాసిన సుదీర్ఘ పత్రికా కథనమే సినిమాకు మూలమైంది.

నిర్మాణం

బ్రూస్ రాబిన్సన్ స్క్రీన్‌ప్లే రాశారు. చిత్రీకరణ ఎక్కువగా థాయిలాండ్‌లో జరిగింది. షాన్‌బర్గ్‌గా శామ్ వాటర్‌స్టన్, ఫొటోగ్రాఫర్ అల్ రాకాఫ్‌గా జాన్ మాల్కోవిచ్ నటించారు. ప్రాన్ పాత్ర వేసిన హైంగ్ ఎస్. న్గోర్‌కు అంతకుముందు నటనానుభవం లేదు. ఆయన వైద్యుడు. ఖ్మేర్ రూజ్ శిబిరాల్లో తన వృత్తిని దాచిపెట్టి ప్రాణం కాపాడుకున్నారు. ఆయన భార్య అక్కడే కాన్పు కష్టమై కన్నుమూశారు. శస్త్రచికిత్స చేస్తే డాక్టరని బయటపడిపోయే పరిస్థితి. ప్రాన్ అనుభవించిన భయం న్గోర్ స్వయంగా ఎరిగినదే కాబట్టి తెరపై ఆయన మౌనానికి సైతం అంత బరువు వచ్చింది.

రాయబార కార్యాలయ ఘట్టం చిత్రానికి గుండెకాయ. ప్రాన్‌ను దాటించడానికి మిత్రులు ఒక బ్రిటిష్ పాస్‌పోర్టును దిద్దుతారు. దానికి కావాల్సిన ఫొటోను దొరికిన రసాయనాలతోనే కడుగుతారు. ప్రాన్ ముఖం కాగితంపై తేలుతుంది. కాసేపటికే చెదిరి మాసిపోతుంది. అక్కడి నుంచి కథ ప్రాన్ వెంట పొలాల్లోకి, ఆకలిలోకి వెళ్తుంది. న్యూయార్క్‌కు తిరిగివెళ్లిన షాన్‌బర్గ్‌ను అపరాధభావం పీడిస్తుంటుంది. తన పాత్రను చిత్రించిన తీరుతో రాకాఫ్ మాత్రం ఏకీభవించలేదు.

పురస్కారాలు

ఏడు ఆస్కార్ నామినేషన్లలో మూడు విజయాలు దక్కాయి: ఉత్తమ సహాయ నటుడు (న్గోర్), ఛాయాగ్రహణం (క్రిస్ మెంగిస్), కూర్పు (జిమ్ క్లార్క్). ఉత్తమ చిత్రంతో సహా ఎనిమిది బాఫ్టా అవార్డులు వచ్చాయి. ఆస్కార్ సహాయ నటుడిగా గుర్తించిన న్గోర్‌ను బాఫ్టా ఉత్తమ నటుడిగానే గౌరవించింది. కథానాయకుడు ఎవరన్న ప్రశ్నకు సినిమా ఇచ్చిన జవాబు కూడా అదే.

అనంతరం

ప్రాన్ ‘న్యూయార్క్ టైమ్స్’లో ఫొటో జర్నలిస్టుగా పనిచేస్తూ, కంబోడియా నరమేధం గురించి జీవితాంతం ప్రసంగించారు. 2008లో మరణించారు. న్గోర్ 1996లో లాస్ ఏంజెలెస్‌లో హత్యకు గురయ్యారు. షాన్‌బర్గ్ 2016లో కన్నుమూశారు. యుద్ధభూమిలో విదేశీ విలేకరులు నేటికీ స్థానిక దుబాసీల మీద, డ్రైవర్ల మీద ఆధారపడుతున్నారు. విలేకరి విమానమెక్కి వెళ్లిపోయాక వాళ్లు అక్కడే మిగులుతారు. ఆ మనుషుల పట్ల వార్తాసంస్థల బాధ్యత గురించి చర్చించేటప్పుడు ఈ చిత్రాన్ని తప్పక తలచుకోవాలి.