విధి నిర్వహణలో మరణించిన ప్రభుత్వ ఉద్యోగుల కుటుంబ ప్రయోజనాలు: సబ్బవరం, విశాఖ ప్రాంతం

ప్రభుత్వ కొలువులో ఉన్న మనిషి డ్యూటీలో ప్రాణం కోల్పోతే ఆ ఇంటికి నెలనెలా ఫ్యామిలీ పెన్షన్, ఒకేసారి గ్రాట్యుటీ, బీమా సొమ్ము, సందర్భాన్ని బట్టి ఎక్స్‌గ్రేషియా, ఇంట్లో ఒకరికి కారుణ్య నియామకం అందుతాయి. ఇవన్నీ ఒకే చట్టం నుంచి పుట్టినవి కావు. ఒక్కొక్కటి ఒక్కో కాలంలో, ఒక్కో పాలకుడి చేతి మీదుగా వచ్చింది. సబ్బవరం 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో మండల కేంద్రం. పెందుర్తి దాటాక వచ్చే ఈ ఊరికి అందుబాటులోనే పోర్టు, రక్షణ శాఖ సంస్థలు, స్టీల్‌ప్లాంటు, రైల్వే, విద్యుత్ పంపిణీ సంస్థ ఉన్నాయి. అందుకే ఇక్కడ పక్కపక్క ఇళ్లలో జరిగిన రెండు మరణాలకు రెండు వేర్వేరు లెక్కలు వర్తించే వీలుంది.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలం

1871 పెన్షన్ల చట్టం వచ్చేనాటికి ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లా. కొన్ని మినహాయింపులు తప్పితే పెన్షన్ గురించి సివిల్ కోర్టులో దావా వేయడానికి ఆ చట్టం వీలు లేకుండా చేసింది. అంటే పెన్షన్ సర్కారు ఇష్టపడి ఇస్తే పుచ్చుకునేదే తప్ప గట్టిగా అడిగేది కాదు. ఉద్యోగే అడగలేనిచోట అతని భార్య అడగగలిగే ప్రశ్నే లేదు.

తొలి మార్పు కార్మికుల వైపు నుంచి వచ్చింది. 1923లో చేసిన పనివారల నష్టపరిహార చట్టం 1924 జూలై 1 నుంచి అమలైంది. ప్రమాదం ఉద్యోగం కారణంగా, ఉద్యోగంలో ఉండగా జరిగితే యజమాని పరిహారం చెల్లించాలని అది చెప్పింది. ఆ యజమాని రైల్వే అయినా సరే. విశాఖ రేవును బెంగాల్ నాగపూర్ రైల్వే ఆధ్వర్యంలో నిర్మించి 1933లో తెరిచారు. చట్టంలో గుమాస్తాలకు చోటు లేదు, కాయకష్టం చేసేవారికే అది పరిమితం. కొలువు పెద్దదైనకొద్దీ రక్షణ ఎక్కువనుకుంటాం గానీ, మొదట హక్కు దక్కింది మాత్రం కూలీకే. అందులో ఇంకో మెలిక కూడా ఉంది. చావుకిచ్చే పరిహారాన్ని యజమాని నేరుగా కుటుంబం చేతిలో పెట్టకూడదు, కమిషనర్ దగ్గర జమ చేయాలి. దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్లి కాస్తో కూస్తో ఇచ్చి వేలిముద్ర వేయించుకునే అలవాటుకు వేసిన అడ్డుకట్ట ఇది. చట్టం పేరు మారినా ఆ నిబంధన పోలేదు.

అదే కాలంలో హైదరాబాదు సంస్థానం వేరే దారి పట్టింది. నిజాం ప్రభుత్వం 1907లోనే ఉద్యోగుల కుటుంబాల కోసం ఒక నిధి పెట్టింది. నేటి ఏపీజీఎల్ఐ, అంటే రాష్ట్ర ప్రభుత్వ జీవిత బీమా, దాని వారసురాలే. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాకే అది కోస్తా ఉద్యోగుల దాకా వచ్చింది. ఉత్తరాంధ్ర గుమాస్తా జీతంలో ఇప్పటికీ కనిపించే ఆ కోత నిజాం నాటిదని చాలామందికి తెలియదు.

దయ నుంచి హక్కుకు

1964 జనవరి 1న కేంద్రం కొత్త కుటుంబ పెన్షన్ పథకాన్ని అమలులోకి తెచ్చింది. రాష్ట్రం కూడా అదే ఏడాది పేరుతో నియమాలు చేసింది. కేంద్ర పథకంలో మొదట ఒక షరతు ఉండేది: ఉద్యోగి తన గ్రాట్యుటీలో రెండు నెలల జీతమంత వదులుకోవాలి. 1977లో దాన్ని ఎత్తేశారు. మరి 1964కి ముందే భర్తను పోగొట్టుకున్నవారి మాటేమిటి? పూనమల్ కేసులో 1985లో సుప్రీంకోర్టు వారికీ పెన్షన్ దక్కేలా చేసింది. అంతకు ముందు 1982 డిసెంబరు 17న నకారా కేసు తీర్పులో, పెన్షన్ యజమాని దయతో ఇచ్చేది కాదని అదే కోర్టు స్పష్టం చేసింది. పెన్షనర్లు ఏటా ఆ తేదీన సభలు పెట్టుకునేది అందుకే.

రాష్ట్ర ఉద్యోగులకు నేటికీ ఆధారం 1980 నాటి సవరించిన పెన్షన్ నియమాలు. ఏడేళ్ల సర్వీసు నిండినవారు చనిపోతే మొదటి ఏడేళ్లు జీతంలో సగం, ఆపైన 30 శాతం కుటుంబానికి వస్తుంది. 1984 నవంబరు 1న గ్రూపు ఇన్సూరెన్స్ తోడైంది. 2004 సెప్టెంబరు 1 నుంచి కొత్తగా చేరినవారిని కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం సీపీఎస్‌లోకి మార్చడంతో ఈ అల్లిక తెగింది. ఆ పద్ధతిలో పోగయ్యేది ఉద్యోగి ఖాతాలోని సొమ్మే. నాలుగైదేళ్ల సర్వీసుతో పోయినవాడి ఖాతాలో ఏముంటుంది? ఈ లోటు చూసే కేంద్రం 2009లో తన ఉద్యోగులకు, సర్వీసులో మరణిస్తే పాత కుటుంబ పెన్షన్ వర్తింపజేసింది. రాష్ట్రం 2023లో చేసిన గ్యారంటీడ్ పెన్షన్ చట్టం భార్యకు లేదా భర్తకు 60 శాతం ఇస్తానంది. సీపీఎస్ రద్దు కోరిన సంఘాలు దానితో శాంతించలేదు.

కారుణ్య నియామకానికి రాష్ట్రంలో మూలం 1977 అక్టోబరు 3న వెలువడిన 687వ నంబరు జీవో. ఏడాదిలోపు దరఖాస్తు చేయాలి, దొరికేది కింది స్థాయి పోస్టు. ఇది ఆస్తిలా సంక్రమించే హక్కు కాదని, కుటుంబం ఉన్నట్టుండి రోడ్డున పడకుండా ఆదుకునే ఏర్పాటు మాత్రమేనని 1994లో ఉమేశ్ కుమార్ నాగ్‌పాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. న్యాయం సంగతి అలా ఉంచితే, ఊళ్లలో మాత్రం చావు కబురు వెంటే వినిపించే ప్రశ్న "ఉద్యోగం ఎవరికి రాయిస్తున్నారు?" అనేదే. భార్యకా కొడుక్కా అనే తగవు పుట్టేదీ అక్కడే. నామినేషన్ కాగితం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, సర్వీసు రిజిస్టరులో పేర్లు ఒకదానితో ఒకటి సరిపోకపోతే ఫైలు కదలదు.

ఏఎన్-32 ఘటన

ఈ ప్రాంతంలో ఈ నియమాలన్నింటికీ పరీక్ష పెట్టిన సంఘటన 2016 జూలై 22న జరిగింది. చెన్నై దగ్గరి తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు బయల్దేరిన వాయుసేన ఏఎన్-32 విమానం బంగాళాఖాతం మీద మాయమైంది. అందులోని 29 మందిలో 8 మంది విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపోలో పనిచేసే సివిలియన్ ఉద్యోగులు. ఎన్‌ఏడీ జంక్షన్‌కు ఆ పేరు తెచ్చింది ఈ డిపోయే. సబ్బవరం నుంచి నగరంలోకి వెళ్లే బస్సు ఆ కూడలి మీదుగానే పోతుంది.

వాళ్లు యూనిఫాం వేసుకున్న సైనికులు కాదు, పని మీద పంపితే విమానం ఎక్కినవాళ్లు. శవాలు దొరకలేదు. శవం లేకుండా మరణ ధ్రువపత్రం రాదు, అది లేకుండా పెన్షన్ ఫైలు మొదలే కాదు. అప్పట్లో అమల్లో ఉన్న 1872 సాక్ష్య చట్టంలోని 108వ సెక్షన్ ప్రకారం జాడ తెలియని మనిషిని చనిపోయినట్టు భావించడానికి ఏడేళ్లు గడవాల్సి ఉండేది. జీతం ఆగిన ఇల్లు ఏడేళ్లు ఎలా నడుస్తుంది? ఇలాంటివారి కోసమే కేంద్రం 1986లో ఒక వెసులుబాటు కల్పించింది. పోలీసులకు ఫిర్యాదు చేసి, ఉద్యోగి తిరిగి వస్తే సొమ్ము వాపసు ఇస్తామని బాండు రాసిస్తే, ఏడాది తర్వాత కుటుంబ పెన్షన్ మొదలవుతుంది. తర్వాత ఆ గడువును ఆరు నెలలకు తగ్గించారు. ఈ విమానం విషయంలో అంతదాకా పోలేదు. సెప్టెంబరులోనే అందరూ మరణించినట్టు భావిస్తున్నామని కుటుంబాలకు వర్తమానం వెళ్లింది. నియమం దృష్టిలో అది ఉపశమనమే. ఆశ వదులుకోని ఇంటివాళ్లకు మాత్రం అది మింగుడుపడే కాగితం కాదు.

డ్యూటీలో ప్రమాదం వల్ల పోయిన కేంద్ర ఉద్యోగి కుటుంబానికి ఒకేసారి ఇచ్చే ఎక్స్‌గ్రేషియా 1997లో 5 లక్షలు, 2006లో 10 లక్షలు. ఏడో వేతన సంఘం తర్వాత, 2016 జనవరి 1 నుంచి వర్తించేలా, 25 లక్షలైంది. విమాన శకలాలు 2024 జనవరిలో దొరికాయి. చెన్నై తీరానికి దాదాపు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున, జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ పంపిన మానవరహిత వాహనం వాటిని ఫొటో తీసింది.

డ్యూటీ ఎక్కడ ముగుస్తుంది

2019 నవంబరు 4న తెలంగాణలోని అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారు విజయారెడ్డిని కార్యాలయంలోనే నిప్పంటించి చంపారు. కాపాడబోయిన డ్రైవరు కూడా కాలిన గాయాలతో చనిపోయాడు. 2024 ఫిబ్రవరిలో విశాఖ రూరల్ తహసీల్దారుగా పనిచేసి అప్పుడే బదిలీ అయిన రమణయ్యపై కొమ్మాదిలో ఆయన ఉంటున్న అపార్టుమెంటు దగ్గరే దాడి జరిగింది, ఆయన చనిపోయారు. మొదటిదాంట్లో డ్యూటీ గురించి ఎవరికీ సందేహం రాదు. రెండోది ఆఫీసు వేళ దాటాక, ఇంటి దగ్గర. ఇలాంటిచోట చూడాల్సింది గడియారం కాదు, కారణం: ఆ చావుకూ ఆ కుర్చీకీ సంబంధం ఉందా లేదా అన్నది. కేంద్రం 1939 నుంచి నడిపిన అసాధారణ పెన్షన్ నియమాల మూలసూత్రం అదే. 2000లో మరణాలను ఐదు తరగతులుగా విడదీసినప్పుడు కూడా దాన్నే ఆధారం చేసుకున్నారు. సహజ మరణం ఒక కొసన, తీవ్రవాదుల దాడి, యుద్ధం రెండో కొసన. డ్యూటీ ప్రమాదానికి భార్యకు వచ్చేది జీతంలో 60 శాతమైతే, తీవ్రవాదుల దాడిలో పోయినవారి భార్యకు ఆఖరి జీతమంతా వస్తుంది.

రిజిస్టరులో పేరు లేనివారు

2020 ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో భారీ క్రేన్ కూలి 11 మంది చనిపోయారు. వారిలో నలుగురే సంస్థ ఉద్యోగులు, మిగతావారు కాంట్రాక్టు సంస్థల మనుషులు. కుటుంబానికి 50 లక్షల చొప్పున పరిహారం ప్రకటించారు. ఆ అంకె ఏ నియమంలోనూ లేదు. అంతకు మూడు నెలల ముందు ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ లీకులో పోయినవారికి కోటి ఇచ్చాక, ఈ ప్రాంతంలో బేరం అక్కడి నుంచే మొదలవుతోంది. చావు నలుగురి కళ్లలో పడితే అంకె పెరుగుతుంది. మారుమూల స్తంభం మీద ఒంటరిగా షాక్ కొట్టి పోయిన లైన్‌మన్‌కు టీవీ కెమెరాలు రావు. ఆ లైన్‌మన్లలోనూ తేడా ఉంది. విద్యుత్ బోర్డు విడిపోయిన 1999కి ముందు చేరినవారిది పెన్షన్, తర్వాత చేరినవారిది ఈపీఎఫ్. స్తంభం మాత్రం ఒకటే.

కాంట్రాక్టు కార్మికుడి ఇంటికి 2025 వరకు చట్టప్రకారం దక్కింది ఈఎస్ఐ ఆశ్రితుల ప్రయోజనం, ఈఎస్ఐ లేకపోతే నష్టపరిహార చట్టం కింది సొమ్ము. ఆ రెండు చట్టాలనూ కలుపుకున్న సామాజిక భద్రత కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. ఇంటి నుంచి పనిచోటుకు, పనిచోటు నుంచి ఇంటికి వచ్చే దారిలో జరిగే ప్రమాదాన్ని కూడా, పనితో సంబంధం రుజువైతే, ఉద్యోగ ప్రమాదంగానే లెక్కించాలని అందులో ఉంది. తెల్లవారుజామున షిఫ్టుకు బైకు మీద సబ్బవరం నుంచి జాతీయ రహదారి ఎక్కే కాంట్రాక్టు కార్మికుడికి ఆ నిబంధన వర్తిస్తుంది.